బరువు చూసి నీళ్ళు పోయడం

సర్వసృష్టికి ఊపిరి పోసి, దాన్ని ఈ ఉదయం దాకా నిలబెట్టిన దేవునికి స్తోత్రం. మేము అడగకముందే మా అక్కర ఎరిగినవాడు, అడిగిన తర్వాత కూడా కొన్నిటిని ఆలస్యం చేసి మాకు ఓపిక నేర్పినవాడు ఆయనే. ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఏ సంగతి చెప్పబోయినా ముందు దేవునికి కృతజ్ఞత చెల్లించాలని మా నాన్న నేర్పాడు. ఆయన పాలకీడు వైపు పల్లెల్లో సైకిల్ మీద తిరుగుతూ వాక్యం చెప్పిన సువార్తికుడు. నాకు అక్షరాలూ లేఖనాలూ ఒకే గుడ్డి దీపం కింద, ఒకే గొంతులో వచ్చాయి. అందుకే ఇప్పుడు చెప్పబోయేది మేడ మీది కుండీల సంగతే అయినా, మొదలు అక్కడే పెడుతున్నాను.

నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆదివారాలు మా సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. నా భర్త రైతు. పొలం గరిడేపల్లి దగ్గర ఉంది. నా ఉద్యోగం కోసం కోదాడలో ఒక మేడ మీద కిరాయికి ఉంటున్నాం, ఆయన రోజూ బండి మీద పొలానికి పోయి వస్తుండేవాడు. యాసంగి నాట్లు ముగిసిన రోజుల్లో, తిరిగి వస్తుంటే రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చింది. దాన్ని తప్పించబోయి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. సూర్యాపేటలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కొన్నాళ్ళకు కట్టు విప్పితే, ఎముక అతుక్కుంది గాని వేళ్ళు కర్రల్లా నిలబడిపోయాయి. పిడికిలి పట్టమంటే బొటనవేలు ఒక్కటే కదిలింది.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. ఎముక పని తను చేశాడట, వేళ్ళ పని మాదట. ఈ కొన్ని నెలల్లో వంచితే వంగుతాయి, లేకపోతే అలాగే బిగుసుకుపోతాయి. ఒక రబ్బరు బంతి ఇచ్చి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిసకమన్నాడు. కొడవలి, మందు కొట్టే పంపు పిడి, బర్రె పలుపు, వీటిలో ఏది పట్టాలన్నా ఆ చెయ్యే కావాలి. చెయ్యి రాకపోతే పొలం ఇంకొకరి చేతిలోకి పోతుంది. ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు. అనుకోకుండానే మా ఇంట్లో అన్నం దగ్గరా, ప్రార్థన దగ్గరా అదే కూర్చుని ఉండేది.

ఆయన బంతి ముట్టలేదు. ఎంత నొప్పి ఉన్నా పని చేసే మనిషే, కానీ ఆ బంతి ఆయనకు పనిలా కనబడలేదు. పిల్లల ఆటలా కనబడింది. సమాజ మందిరంలో ప్రభువు ఒక మనిషికి ఎండిపోయిన చేతిని బాగుచేసిన సంగతి ఒక సాయంత్రం నేను చదివి వినిపించాను. బాగుపడకముందే ఆ చెయ్యి చాపమని ప్రభువు ఆజ్ఞ ఇచ్చాడని, ఆ మనిషి తన వంతు ముందు చేశాడని చెప్పాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"ప్రభువు చాపుమన్నడు గని, రబ్బరు బంతి పిసుకుమన్నడా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను కూడా.

మేడ మీద ఏమైనా పెంచుకుంటే బాగుంటుందని నాకు ఆ రోజుల్లోనే తోచింది. పని కనబడితే చెయ్యి దానంతట అది పోతుందేమోనని ఆశ. మా ఇంటి ఓనరమ్మ కింద వాటాలోనే ఉంటుంది. విధవరాలు, మాట గట్టిగా ఉన్నా మనసు మంచిది. మొక్కలకు అభ్యంతరం లేదంది, మట్టి మాత్రం వద్దంది. ఇదివరకు కిరాయికి ఉన్నవాళ్ళు మట్టి కుండీలు పెడితే వానలకు స్లాబు నాని, ఆమె పడకగదిలో పెచ్చులు ఊడాయట.

"మట్టి ఒక్క తట్ట కూడా పైకి ఎక్కడానికి వీల్లేదండీ టీచరుగారూ. మట్టి లేకుండా ఏం పెంచుకుంటారో పెంచుకోండి," అని తీర్మానం చేసింది.

మట్టి లేకుండా ఏం పెరుగుతుందని నేను దాన్ని అక్కడే వదిలేశాను. తర్వాత మిర్యాలగూడలో మా వాళ్ళ పెళ్ళికి పోయినప్పుడు, బస్సు కోసం నిలబడ్డ చోట ఎదురుగా ఒక నర్సరీ కనిపించింది. అక్కడి కుండీల్లో మట్టి లేదు. కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు, మధ్య మధ్య తెల్లటి తేలిక గుళికలు. నర్సరీ నడిపే ఆమె ఒక చేత్తో కుండీ ఎత్తి మా ఆయన ఎడమ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు.

"గిదేం మట్టి? చేతిల ఉన్నదా లేదా తెలుస్తలేదు. బరువు లేంది మట్టెట్లయితది?"

ఆమె నొచ్చుకోలేదు. "మట్టి గాదన్నా ఇది. మట్టయితే తిండి దాసుకొని మెల్లగ పెడ్తది. దీంట్ల ఉన్న జర ఎరువు ఒడిసినంక ఏముండదు. మీరు పెడితేనే తింటది," అంది. నీళ్ళు పైన చూసి పోయొద్దని, కుండీ ఎత్తి బరువు చూసి పోయాలని కూడా చెప్పింది. అంతలో బస్సు వచ్చింది. కొబ్బరి పొట్టు ఇటుకలు, ఎరువు సంచి, ప్లాస్టిక్ కుండీలు, టమాట, మిర్చి, వంగ నారు పట్టుకుని ఎక్కాం. బరువు మాట అక్కడే మర్చిపోయాం.

ఆ ఇటుకను తొట్టిలో నీళ్ళలో వేస్తే అది ఉబ్బి తొట్టి నిండింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని విడదీస్తూ, కట్టు విప్పిన తర్వాత మొదటిసారి, ఇంకొంచెం నీళ్ళు తెమ్మని నాకు పని చెప్పాడు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో ఉంది.

మాది సాగర్ కాలువ కింద వరి పండే నేల. నీళ్ళు పెట్టడం అంటే మా ఆయన కళ్ళకు ఒకటే అర్థం, మడిలో నీళ్ళు నిలిచి మెరవాలి. నిలవని నీళ్ళు ఆయన లెక్కలో పెట్టిన నీళ్ళే కావు. కుండీల కింద పళ్ళేలు పెట్టి, అవి నిండి అంచు దాకా వచ్చేలా పొద్దునా సాయంత్రం పోశాడు. పళ్ళెంలో నీళ్ళు తగ్గితే మళ్ళీ నింపాడు. నేనూ ఆయన పక్కన నిలబడి, పెరుగుదల ఇచ్చేది దేవుడే గదా, మనం నీళ్ళు పోస్తే చాలనుకుని చేతులు జోడించి ప్రార్థన చేశాను. కొన్నాళ్ళకు కింది ఆకులు పసుపు పచ్చగా తిరిగాయి. ఒక వంగ మొక్క నీళ్ళలో నిలబడే వాడిపోయింది. పెరికి చూస్తే వేర్లు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే జారిపోతున్నాయి.

ఆయన ఆలోచించి, ఎక్కువైంది, ఇక ఆరుతడి పెడతానన్నాడు. వరికి కూడా పొలం కొన్నాళ్ళు ఆరనిచ్చి మళ్ళీ తడి పెట్టే పద్ధతి ఉంది, దాన్నే అలా అంటారు. ఆ వారమే సూర్యాపేటలో ఉజ్జీవ సభలు వచ్చాయి. మా సంఘమంతా పోయింది, మేమూ పోయి బంధువుల ఇంట్లో ఉన్నాం. ఎండలు ముదిరిన రోజులు. సభలు ముగిసి ఇంటికి వచ్చేసరికి మొక్కలన్నీ తలలు వాల్చి ఉన్నాయి. ఆయన చెప్పులు విడవకుండానే మగ్గుతో నీళ్ళు పోశాడు. పోసిన వెంటనే కింది రంధ్రాల్లోంచి నీళ్ళు బయటికి వచ్చాయి.

"తాగినయ్. కడుపు నిండి బయటికొస్తున్నయ్ సూడు," అన్నాడు తృప్తిగా.

మర్నాడు అవి ఇంకా వాలిపోయాయి. నేను చచ్చిపోయిన వంగ కుండీని బోర్లించి విరిచి చూశాను. దానికీ మిగతావాటితో పాటే పోశాడు. పైన ఒక వేలెడు తడి, అంచుల వెంట తడి. మధ్యలో ఉన్న ముద్ద మొత్తం కాఫీ పొడిలా పొడిగా ఉంది. బాగా ఎండిపోయిన కొబ్బరి పొట్టు నీళ్ళను లోపలికి రానివ్వదు, పోసినవి పక్కల నుంచి జారి కిందికి పోతాయి. చూసేవాళ్ళకు మాత్రం తాగినట్టే ఉంటుంది.

ఆ పొడి ముద్దను చేతిలో పట్టుకుని నలిపాను. సూర్యాపేటలో అన్ని పూటలూ ముందు వరసలో కూర్చుని వాక్యం విన్నాను. పాటలు పాడాను, చేతులెత్తాను. ఇంటికి వచ్చేసరికి నాలో ఏమీ మిగల్లేదని బస్సులోనే తెలిసింది, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆయన చెయ్యి విరిగిన రోజు నుంచి నేను దేవునితో మనసు విప్పి మాట్లాడలేదు, వల్లించాను అంతే. లోపల ఎండిపోయి ఉంటే ఎంత కుమ్మరించినా పక్కల నుంచే పోతుంది. మా నాన్న మా చిన్నప్పుడు పొద్దున్నే కొద్దిగా చదివించేవాడు, కొన్ని మాటలే. ఇంకా చదువుతామన్నా పుస్తకం మూసేసేవాడు. ఎందుకు మూసేవాడో నాకు ఆ మేడ మీద కొంత అర్థమైంది.

కుండీలను ఒక్కొక్కటే నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, కింది నుంచి మెల్లగా పీల్చుకోనిచ్చాం. చాలావరకు తేరుకున్నాయి. కానీ పచ్చదనం రాలేదు. కొత్త ఆకులు చిన్నవై, పాలిపోయి వచ్చాయి. నర్సరీ ఆమె అన్న మాట నిజమే, ఉన్న ఎరువు అయిపోయింది, ఉత్త నీళ్ళలో అవి పస్తులున్నాయి. ఆ సంగతి చెప్పగానే ఆయన గరిడేపల్లి నుంచి యూరియా తెప్పించి, వరికి పైపాటుగా చల్లినట్టు కుండీకి గుప్పెడు వేశాడు. మట్టిలో అయితే నేల కొంత తనలో దాచుకునేది. ఇక్కడ దాచుకునేందుకు ఏమీ లేదు, మొత్తం వేర్ల మీదే పడింది. ఆకుల అంచులు కాలినట్టు మాడాయి. టమాటలు దాదాపు అన్నీ పోయాయి.

ఆయన మాడిన మొక్కల ముందు ఎడమ చేత్తో కుడిచేతిని పట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఇగ నాతోని గాదు," అన్నాడు. "గింత కుండీలనే బతికియ్యలేకపోతి. పొలం మా తమ్మునికి అప్పజెప్తా. ఆడు జేస్కుంటడు."

"ఈ వానాకాలం కారు మటుకేనా?" అని అడిగాను.

"చెయ్యి రాకపోతే ఏ కారైతేంది?"

అంతవరకూ మా మధ్య కూర్చుని ఉన్న మాట అలా బయటికి వచ్చింది. నేను లేచి మాడిన ఆకులు తుంచి ఒక పక్కన పోశాను.

మర్నాడు ఆదివారం. ఆరాధనకు తయారవుతూ, మిగిలిన మిర్చి కుండీలకు నీళ్ళు పోద్దామని నేను పైకి వెళ్ళాను. పైన చూస్తే అన్నీ ఒకేలా ఎండినట్టు ఉన్నాయి. అప్పుడు నర్సరీ ఆమె చెప్పిన బరువు మాట గుర్తొచ్చింది. ఒకటి ఎత్తాను, ఇంకొకటి ఎత్తాను, నా చేతికి తేడా తెలియలేదు. ఆయన్ని పిలిచాను. ధాన్యం బస్తాలు, నారు కట్టలు ఎత్తిన మనిషి. ఇష్టం లేకుండానే వచ్చి ఎడమ చేత్తో ఎత్తి, ఇది తాగింది, ఇది తాగలేదు, ఇది ఇయ్యాల వద్దు అంటూ పక్కన పెడుతూ పోయాడు. నేను తాగనివాటికి మెల్లగా పోశాను, ఒకసారి తడిపి, కాసేపాగి మళ్ళీ. పోసిన తర్వాత ఎత్తి చూడమన్నాను. ముందుకీ ఇప్పటికీ ఉన్న బరువు తేడా ఆయన ముఖంలో కనబడింది.

ఆ తర్వాత జరిగింది నేను ఏర్పాటు చేసింది కాదు. రోజూ నీళ్ళు పోసే పని ఆయన తీసుకున్నాడు. ఎడమ చేతిలో మగ్గు ఉంటే బరువు చూడటానికి మిగిలింది కుడిచెయ్యే. మగ్గు కింద పెట్టి, ఎత్తి, మళ్ళీ మగ్గు తీసుకోవడం విసుగనిపించిందేమో, ఒక పొద్దున కుడిచేతి వేళ్ళను కుండీ అంచుకు కొక్కెంలా తగిలించి లేపబోయాడు. అది జారి పడి, ప్లాస్టిక్ కుండీ పగిలింది. ఆ చప్పుడుకు ఓనరమ్మ చీపురుతో సహా పైకి వచ్చింది.

"ఏంటన్నయ్యా, స్లాబు పగలగొడుతున్నారా?" అంది.

"స్లాబు గాదు చెల్లె, చెయ్యి పగలగొడ్తున్న," అన్నాడు ఆయన.

ఆమె నేల మీద పడ్డ పొట్టును ఒక్క ఊడుపుతో చేటలోకి ఎత్తేసింది. "మట్టయితే మరకపడేది. ఇదేదో ఉమక ఊడ్చినట్టే ఉంది. పగలగొట్టుకోండి, నాకేం," అని దిగిపోయింది. ఆయన వంగి ఆ మిర్చి మొక్కను వేర్లతో సహా తీశాడు. రెండు చేతులతో తీశాడు. నేను చూడనట్టు నీళ్ళ తొట్టి వైపు తిరిగాను.

ఆ రోజు నుంచి బరువు చూడటం కుడిచేతి పని అయింది. మట్టి కుండీలైతే ఆ చెయ్యి లేపగలిగేదే కాదు. మొదట అంచుకు తగిలించేవాడు, తర్వాత వేళ్ళు కాస్త వంగి పట్టుకున్నాయి. నొప్పికి పళ్ళు బిగబట్టేవాడు, కానీ మొక్క తాగిందో లేదో తెలియాలి గదా. రబ్బరు బంతి అలమరలోనే ఉండిపోయింది.

తిండి పెట్టడమూ మార్చుకున్నాం. నీళ్ళలో కరిగే ఎరువు చిటికెడు, బకెట్ నీళ్ళలో రంగు కూడా మారనంత పలచగా కలిపి, నీళ్ళు పోసినప్పుడల్లా అదే ఇచ్చాం. గుప్పెడు ఒకేసారి వేసే అలవాటున్న మనిషికి ఇది చాలా కష్టమైంది. ఇంత తక్కువ పెడితే వాటిని అవమానించినట్టుందని గొణిగేవాడు. మా బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి కుండీల పైన తెల్లగా పొర కడుతుంటే, వారానికొకసారి ఎరువు లేకుండా, పట్టి ఉంచిన మంచినీళ్ళు ధారాళంగా పోసి, కిందికి కారిపోనిచ్చి, పళ్ళేలు ఒంచేసేవాళ్ళం. ఆ పని ఆదివారం పెట్టుకున్నాం. ఆయన దానికి మొక్కల ఉపవాసం అని పేరు పెట్టాడు. ఓనరమ్మ అది విని, "మీ ఇంట్లో చేరితే మిరపమొక్కలకు కూడా ఉపవాసం తప్పదన్నమాట," అంది.

మిర్చి పూసింది, కాసింది. వంగ ఒకటే మిగిలింది గాని బలంగా ఉంది. ఎక్కువ పండలేదు, పండిందని చెప్పుకునేంత ఏమీ లేదు. నా ప్రార్థన మాత్రం మారింది. పొద్దున్నే కొద్ది మాటలు చదువుతాను. అవి లోపలికి దిగేదాకా ఆగుతాను. దిగకపోతే మళ్ళీ అవే మాటలు చదువుతాను.

వానలు పడ్డాక గరిడేపల్లిలో నాట్లు మొదలయ్యాయి. ఈ కారు పొలం మరిది చేస్తున్నాడు. మరిదే రమ్మని ఫోన్ చేశాడు, సెలవు రోజని నేనూ వెంట వెళ్ళాను. నా భర్త పంచె ఎగగట్టి నారుమడిలోకి దిగాడు. కుడిచేతితో నారు పట్టి లాగాడు. వేళ్ళు పూర్తిగా మూసుకోలేదు, కొన్ని పరకలు సందులోంచి జారిపోయాయి, మిగిలినవి వచ్చాయి. వేర్ల బురద నీళ్ళలో కడిగాడు. గడ్డిపరకతో కట్ట కట్టబోయాడు, ముడి బిగించలేకపోయాడు. మరిది ఆ కట్ట అందుకుని ముడి వేసి, మళ్ళీ తన నారు పీకుడు తాను చూసుకున్నాడు.

నా భర్త గట్టు మీదికి వచ్చి కూర్చున్నాక చెయ్యి తెరిచి మూసి చూసుకున్నాడు.

"పట్టుకుంటున్నది," అన్నాడు. "బిగుస్తలేదు."

వచ్చే వారం సూర్యాపేట దవాఖానాకు వెళ్ళాలి. లోపలి ప్లేటు తీసి, అతుక్కున్న నరాలను విడదీస్తే ఇంకా వంగవచ్చని డాక్టరు అన్నాడు. వంగకపోవచ్చు కూడా అన్నాడు. ఇంతవరకు వేళ్ళు వంగినందుకే ఆ ఆలోచన వచ్చిందని, కట్టు విప్పిన రోజున్నట్టే ఉంటే ఆ మాట ఎత్తేవాణ్ణి కాదని చెప్పాడు. వచ్చే యాసంగికి పొలం ఎవరు చేస్తారన్నది ఆ చేతి మీద ఉంది. ఇది రాస్తున్నానని తెలిసి నా భర్త ఒక్కటే అడిగాడు. "అద్భుతం అని రాయకు. ముడి బిగిచ్చేంత సత్తువ గావాలని రాయి."

అందుకే ఈ మాటలు ఇంతదాకా చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఏ పని మధ్యలో ఉన్నా, ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ఆ చేతి కోసం దేవుణ్ణి అడగండి. డాక్టరు చేతి కోసం కూడా అడగండి. జవాబు మేము కోరినట్టు రాకపోతే, దాన్ని కాదనకుండా తీసుకునే మనసు మా ఇద్దరికీ ఇమ్మని అడగండి. పెద్ద ప్రార్థన అక్కర్లేదు. కొద్ది మాటలు చాలు, అవి మనసులోంచి వస్తే చాలు. ఆమేన్ అనేటప్పుడు ఇక్కడ కోదాడలో మేమిద్దరం కూడా మీతో పాటే అంటున్నామని అనుకోండి.